మాజీ సైనికుడైతే ప్రభుత్వ ఇల్లు దానంతటదే వస్తుందా?

రాదండీ, పేదల ఇళ్ల పథకాల్లో ముఖ్యంగా చూసేది ఆదాయం, ఆ కుటుంబానికి ఎక్కడైనా పక్కా ఇల్లు ఉందా అన్నదే గానీ ఎన్నేళ్లు సర్వీసు చేశారన్నది కాదు. పదిహేనేళ్లు నిండకుండా బయటికొచ్చిన జవానుకి మామూలుగా సర్వీసు పెన్షన్ కూడా ఉండదు. ఉదాహరణకి, తొమ్మిదేళ్లకే వచ్చేసి కావలిలో ఆటో తోలుకుంటూ అద్దె రేకులింట్లో ఉండే ఆయన సైన్యం నుంచి బయటికొచ్చేటప్పుడు ఇచ్చే డిశ్చార్జ్ బుక్ ఒక్కటే పట్టుకుని సచివాలయానికెళ్తే పని కాదు, రేషన్ కార్డు, ఆధార్ పెట్టి అందరిలాగే అప్లై చేసుకోవాల్సిందే. నెల్లూరులోని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఇల్లు మంజూరు చెయ్యదు. అయితే 65 దాటి, పెన్షన్ లేని హవల్దారు దాకా ర్యాంకుల వాళ్లు కేంద్రీయ సైనిక బోర్డు నెలసరి సాయానికి అక్కడ అడగొచ్చు, అద్దెకి అదే ఆసరా. సైనికుల కోసం ఆర్మీ వెల్ఫేర్ హౌసింగ్ సంస్థ కట్టించే ఫ్లాట్లు ఉచితం అనుకుంటారు చాలామంది. కాదు, లాభం వేసుకోకుండా కట్టిస్తారు, డబ్బు మాత్రం కొనేవాళ్లదే.