దాచుకున్న ప్యాకేజీలను తుడిచేస్తున్నది ఎవరు?

ప్రశ్న: మా పాలిటెక్నిక్ ల్యాబులో నెట్ నెమ్మది. అందుకని ఒక పాత కంప్యూటరులో ఆప్ట్-క్యాషర్-ఎన్‌జీ (ఒకసారి దించిన ప్యాకేజీలను దాచి, మిగతా యంత్రాలకు అందించే ప్రోగ్రాము) పెట్టి, ఉబుంటు లినక్స్ ప్యాకేజీలను దాచుకుంటున్నాం. ఉబుంటు 22.04 వెర్షను ప్యాకేజీలు భద్రంగా ఉన్నాయి. వెనుక వరుసలోని 23.10 యంత్రాలవి మాత్రం మొత్తం మాయమయ్యాయి. కొత్తగా దించబోతే 404 (ఫైలు దొరకలేదు) అంటోంది. డిస్కు మార్చమని సలహా ఇస్తున్నారు. మార్చాలా?
– ల్యాబ్ బాధ్యురాలు, ఖమ్మం

జవాబు: డిస్కు జోలికి వెళ్లకండి. చెడిపోయే డిస్కు 22.04ను వదిలేసి 23.10 ఫైళ్లనే ఏరుకుని మింగదు. తుడుస్తున్నది మీ ఆప్ట్-క్యాషరే, అదీ రోజూ తనంతట తాను చేసే శుభ్రతలో.

ఫైలు పాతదా, ఎవరైనా వాడుతున్నారా అని అది చూడదు. సర్వరు నుంచి సూచికలు, అంటే అక్కడున్న ప్యాకేజీల జాబితాలు, తెచ్చుకుని, వాటిలో పేరు లేని ఫైలును దిక్కులేనిదిగా గుర్తిస్తుంది. నాలుగు రోజుల గడువు దాటితే తీసేస్తుంది. ఓటర్ల జాబితాలో ఒక పేజీ ఊడితే ఆ వీధి వాళ్లంతా ఊళ్లో లేనట్టే కదా! మీకు ఊడిన పేజీ 23.10. దానికి మద్దతు 2024 జూలైలో ముగిసింది. ఆ తరువాత దాన్ని, మద్దతు ముగిసిన వెర్షన్లను ఉంచే ఓల్డ్-రిలీజెస్ సర్వరుకు తరలించారు. పాత చిరునామాలో సూచిక దొరకదు.

సూచిక అందనప్పుడు శుభ్రత ఆగిపోవాలి. అందుకు ఆప్ట్-క్యాషర్ అమరికలుండే ఏసీఎన్‌జీ.కాన్ఫ్ ఫైలులో ఎక్స్‌అబార్ట్‌ఆన్‌ప్రాబ్లమ్స్ అనే అమరిక ఉంది. మామూలుగా దాని విలువ 1. మీ దగ్గర 0 ఉంటుందని నా గట్టి అనుమానం. రోజూ వచ్చే లోపాల నివేదికతో విసిగి ఎవరో మార్చి ఉంటారు. లోపం సరిచేయడం కన్నా దాన్ని చెప్పే నోరు మూయడమే మనవాళ్లకు తేలిక! తిరిగి 1 చేయండి. గడువును నిర్ణయించే ఎక్స్‌థ్రెషోల్డ్‌ను కూడా 4 నుంచి 30కి పెంచండి. డిస్కు కాస్త ఎక్కువ నిండుతుంది, అంతే.

ఇక పోయినవాటి సంగతి. ముందు ఆ యంత్రాల్లో సర్వరు చిరునామాను ఓల్డ్-రిలీజెస్‌కు మార్చి, ఆప్ట్-క్యాషర్ మీదుగానే అప్‌డేట్ నడపండి. ఆప్ట్-గెట్ ఆదేశంతో ఇన్‌స్టాల్ చేసి ఉంటే డెబ్ (ప్యాకేజీ) ఫైళ్లు ఆ యంత్రాల్లోనే ఇంకా మిగిలి ఉండవచ్చు. ఉత్త ఆప్ట్ ఆదేశమైతే పని కాగానే తుడిచేస్తుంది. దొరికినవాటిని ఆప్ట్-క్యాషర్ ప్యాకేజీలు దాచే క్యాష్ డైరెక్టరీలో _ఇంపోర్ట్ అనే ఫోల్డరులో వేసి, బ్రౌజరులో ఆప్ట్-క్యాషర్ కంప్యూటరు 3142 పోర్టులో తెరుచుకునే నివేదిక పేజీ నుంచి దిగుమతి చేయించండి. ఈ వరుస తప్పవద్దు. సూచిక లేనిదే దిగుమతి ఏ ఫైలు ఏదో పోల్చుకోలేదు.

సెమిస్టర్ ఇలా నెట్టుకొచ్చి, సెలవుల్లో ఆ వరుసకు 24.04 ఎక్కించండి. 23.10కు ఉన్న మద్దతు తొమ్మిది నెలలే, దీనికి అయిదేళ్లు.