ముందు నీళ్ల లెక్క, తర్వాత జీన్ల లెక్క

నల్లగొండ

చి. స్వప్నకు పెద్దనాయిన దీవెనలు.

టాక్సికోజెనోమిక్స్, అంటే విషాలకు మన జీన్లు ఎట్ల స్పందిస్తయో చదివే శాస్త్రం, ఆ కోర్సుల సీటొచ్చిందని మీ నాయిన ఫోన్ చేసి చెప్పిండు. చాన సంతోషమైంది బిడ్డా. "ఆరు వారాల్ల అంతా నేర్పిస్తరా?" అని అడిగినవట. నేర్పించరు. పరికరాలు, ఆర్ అనే కంప్యూటర్ భాషల కోడు, రంగురంగుల గ్రాఫులు కండ్ల ముందు నుంచి గబగబా పోతయి. అందుకే పోయే ముందే ఒక ప్రశ్న పట్టుకొని పో. అది లేకపోతే చివరికి వెయ్యి జీన్ల పట్టిక చేతుల మిగులుతది, దాన్ని ఏం చెయ్యాల్నో తోచదు.

ప్రశ్న కోసం ఎక్కడికో పోవద్దు. మర్రిగూడ దిక్కు మన చుట్టాల ఊర్ల ఇద్దరు అన్నదమ్ములున్నరు గదా. ఫ్లోరైడ్ ఉన్న ఒకే బోరు నీళ్లు తాగి పెరిగిన్రు. అన్న మెడ తిరగదు, వెనక నుంచి పిలిస్తే ఒళ్లంతా తిప్పి చూస్తడు. తమ్ముడు డెబ్బై ఏండ్లొచ్చినా అరక కట్టిండు. ఒకే విషం ఒకరిని వంచి, ఇంకొకరిని ఎందుకు విడిచిపెట్టింది? నువ్వు చదవబోయే శాస్త్రం అడిగే పెద్ద ప్రశ్నల్ల ఇదొకటి.

నీళ్లల్ల ఉండే ఇంకొక విషం ఆర్సెనిక్ విషయంల దీనికి మంచి జవాబు దొరికింది. అర్జెంటీనా ఆండీస్ కొండల్ల తరతరాలుగ ఆర్సెనిక్ నీళ్లు తాగినోళ్లల్ల, దాన్ని మంచిగ మార్చి మూత్రంల బయటికి పంపే ఏఎస్3ఎంటీ జీన్ రూపం ఎక్కువమందికి ఉన్నదని 2015ల తేల్చిన్రు. అది చదివి ఫ్లోరైడ్‌కు కూడా అసొంటి జీన్ ఒకటి ఉంటదని ఎతకబోకు. ఫ్లోరైడ్‌ను ఏ ఎంజైమూ మార్చదు. కడుపుల నుంచి రక్తంలకు పోతది, అక్కడి నుంచి కొంత ఎముకకు పడుతది, కొంత మూత్రంల పోతది. ఒంట్ల నిలిచిన ఫ్లోరైడ్‌ల 99 శాతం దాకా ఎముకల్ల, పండ్లల్లనే ఉంటది. కిడ్నీ మంచిగ లేనోళ్లకు ఇంకా ఎక్కువ నిలుస్తది.

కాబట్టి జీన్ దాకా పోకముందే అడగాల్సినవి ఉన్నయి. లీటరు నీళ్లల్ల ఎన్ని మిల్లీగ్రాములు? 1.5 దాటొద్దన్నది హద్దు. ఎన్నేండ్లు తాగిన్రు? ఎండల కూలికి పోయినోడు తాగే నీళ్లు, నీడ పట్టున కూసున్నోడు తాగే నీళ్లు ఒక్కటి కాదు. పాలు, పెరుగు ఇంట్ల ఉన్నయా? నోట్ల పండ్ల మీది మచ్చలు చూడు, అవి పండ్లు తయారయ్యే చిన్న వయసుల తాగిన నీళ్ల లెక్క చెప్తయి. కృష్ణా నీళ్లొచ్చినంక పుట్టిన పిల్లలనూ బోరు మీద బతికినోళ్లనూ ఒక్క గుంపుల కలిపితే నీ లెక్క మొత్తం చెడిపోతది. పటిక, సున్నంతోటి ఫ్లోరైడ్ తీసే నీరి (NEERI) అనే పరిశోధన సంస్థ వాళ్ల పద్ధతికి నల్లగొండ టెక్నిక్ అని పేరు. లోకమంత తెలిసిన ఆ పేరు మనది, మోతాదు తెల్వకుండ మన నీళ్ల మీద పని చెయ్యొద్దు.

ఇంక ల్యాబు సంగతి. నేను చేసిన తప్పొకటి చెప్త, నువ్వు చెయ్యకు. ఫ్లోరైడ్ నీళ్లు తాగిన ఎలుకల కాలేయం నుంచి సోమవారం ఆర్ఎన్ఏ తీసిన, ఏ జీన్ ఎంత పని చేస్తున్నదో చెప్పేది అదే. మామూలు నీళ్లు తాగినవాటిది బేస్తవారం. నడుమ రసాయనం సీసా మారింది. వేల జీన్లను ఒకేసారి కొలిచే మైక్రోఅర్రే చిప్పు మీద వందల జీన్లు మారినట్టు వచ్చినయి. మూడు నెలలు వాటికి కారణాలు రాసుకుంట కూసున్న. తర్వాత దాచిన ముక్కల నుంచి రెండు గుంపులవీ కలిపి ఒక్క రోజే తీస్తే ఆ తేడాలు చానమట్టుకు పోయినయి. మూడు నెలలు నేను సోమవారానికి, బేస్తవారానికి ఉన్న తేడాను చదివిన. ఆ ఎలుకల గురించి ఇప్పటికీ బాధగనే ఉంటది. నమూనాలు కలిపి పెట్టు, ఏ రోజు ఏది తీసినవో రాసిపెట్టు.

ఆర్ఎన్ఏను కొరికేసే ఎంజైము మన చేతుల మీదనే ఉంటది. గ్లౌజు తొడిగి తలుపు గొళ్లెం ముట్టుకున్నా మార్చెయ్యి. కణజాలం కోసిన వెంటనే లిక్విడ్ నైట్రోజన్‌ల వెయ్యి. ఆర్ఎన్ఏ చెడిపోలేదని చూసే జెల్ మీద 28ఎస్, 18ఎస్ అనే రెండు రకాల ఆర్ఎన్ఏ గీతలు తేటగ, పైది (28ఎస్) కిందిదానికి దగ్గర దగ్గర రెట్టింపు వెలుగుతోటి కనబడాలె. కిందికి జారిన మసక కనబడితే ఎంత కష్టపడి తీసినా పక్కన పెట్టు.

ఒక లెక్క కాగితం మీద నీ చేత్తోనే చెయ్యి. 20 వేల జీన్లు పరీక్షించి 0.05 హద్దు పెడితే, అంటే నూటికి ఐదు సార్లు తప్పు పడినా సరే అనుకుంటే, ఏ మార్పూ లేకున్నా దాదాపు వెయ్యి జీన్లు మారినట్టు వస్తయి. దాన్ని సరిదిద్దే ఎఫ్‌డీఆర్, అంటే మారినయన్న జీన్లల్ల ఉత్తుత్తివి ఎన్నో చూసే లెక్క, ఎందుకో అప్పుడు అర్థమైతది.

జీన్ మారంగనే ఒంటికి దెబ్బ తగిలిందనుకోవద్దు. మందును విరగ్గొట్టడానికి కాలేయం ఎంజైములు పెంచుకున్నా జీన్లు మారుతయి. అందుకే స్లైడు కింద కణాలెట్ల ఉన్నయి, కాలేయానికి దెబ్బ తగిలితే రక్తంల పెరిగే ఏఎల్‌టీ ఎంజైము ఎంత అన్నది పక్కన పెట్టి చూడాలె. జపాన్ వాళ్ల టీజీ-గేట్స్ అనే సమాచార భాండారంల 170 రసాయనాలకు ఎలుకల జీన్ల లెక్క, స్లైడ్లు రెండూ దొరుకుతయి, మోతాదుల వారీగ, గంటల వారీగ. పారాసిటమాల్ తీసుకొని మూడు మోతాదులూ పోల్చి చూడు. కోర్సు మొదలయ్యే లోపల అదొక్కటి చేసినా నీకు చాన పట్టు దొరుకుతది.

ఇంకొక మాట. మన ఊర్లోళ్లు ఎవరెవరో వస్తే రక్తం ఇచ్చిన్రు, మూత్రం ఇచ్చిన్రు. ఏం తేలిందో చెప్పనీకి మళ్ల వచ్చినోళ్లను నేను చూడలే. రేపు నువ్వు అడగాల్సొస్తే ముందు ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకో, ఎందుకు తీస్తున్నవో మన మాటల్ల చెప్పు. రక్తం తీస్తే అది రక్తకణాల సంగతే చెప్తది, ఎముక సంగతి చెప్పదు, అది కూడ దాచకుండ చెప్పు. తేలినంక పోయి చెప్పు, ఏం తేలకపోయినా పోయి చెప్పు.

పోయే ముందు ఒక ఆదివారం రా. మర్రిగూడ దిక్కున్న, మెడ తిరగని ఆ అన్న దగ్గరికి పోదాం. ఏ బోరు, ఏ ఏడు నుంచి, రోజుకు ఎన్ని చెంబులు, అన్నీ ఆయననే అడుగుదువు. నోటుబుక్కు తెచ్చుకో.

మీ పెద్దనాయిన