ముందు ఆ కత్తెర చప్పుడు పట్టుకో

అమ్మా,

నీ ఉత్తరం, దాంతో పంపిన స్క్రిప్టు రెండూ చదివాను. కామారెడ్డి పక్క పల్లెలో బీడీలు చుట్టే తల్లి, డిగ్రీ ఫీజు కట్టాల్సిన కూతురు, ఒక్క సాయంత్రం, మధ్యలో కరెంటు పోవడం. కథ బాగుంది. తల్లి ఎక్కడా తన కష్టం గురించి నోరు తెరవకపోవడం మరీ బాగుంది. ఎవరెన్ని చెప్పినా చివర్లో ఏడుపు డైలాగు పెట్టకు.

ఏ కెమెరా అద్దెకు తెచ్చుకోవాలి, ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి అని అడిగావు. మీ జట్టులో ఒకబ్బాయి గింబల్ (కెమెరా ఊగకుండా పట్టే పనిముట్టు) లేకుండా, డ్రోన్ లేకుండా సినిమా ఏమిటన్నాడని కూడా రాశావు. నీ స్క్రిప్టు మొదటి నుంచి చివరి దాకా వెతికాను, డ్రోన్‌కి పని ఎక్కడా కనపడలేదు. కథంతా ఒక గదిలో, ఒక వసారాలో జరిగిపోతుంది. నీ స్నేహితురాలి ఫోను చాలు. మిగిలే డబ్బుతో ఒక మంచి మైకు, ఒక గట్టి ట్రైపాడ్, ఒక హార్డ్‌డిస్కు తీసుకోండి.

కథలు రాసేవాణ్ణి సాంకేతిక విషయాలు అడిగావేమిటని మొదట అనుకున్నాను గానీ, ఆలోచిస్తే సరైనవాణ్ణే అడిగావు. ఏది నేర్చుకోవాలో చెప్పేది స్క్రిప్టే. పెన్సిలు తీసుకుని నీ స్క్రిప్టు మళ్ళీ చదువు. ప్రతి సీను పక్కన, ఇది తియ్యాలంటే నాకు చేతకానిది ఏమిటి అని రాసుకో. అలా తేలినవే ఈ సినిమాకి నువ్వు నేర్చుకోవాల్సినవి. మిగతావి ఇంకో సినిమాకి. కానీ తేలినవాటిని మాత్రం అరకొరగా వదలకు, నటులు వచ్చేలోపు చేతికి అలవాటు కావాలి.

రెండో సీనులో ‘ట్యూబ్‌లైటు వెలుతురులో అమ్మ ఆకు కత్తిరిస్తూ ఉంటుంది’ అని రాశావు. ముందు ఆ ట్యూబ్‌లైటు సంగతి చూద్దాం. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్. పాత చోక్ ఉన్న ట్యూబ్‌లైటు దానికి రెట్టింపు, అంటే సెకనుకు 100 సార్లు మినుకుమంటుంది. మన కంటికి తెలియదు, ఫోను కెమెరాకు తెలుస్తుంది. ఫోను మామూలుగా సెకనుకు 30 ఫ్రేములు, అంటే విడి బొమ్మలు తీస్తూ, షట్టర్‌ని, అంటే ఒక్కో బొమ్మకి వెలుతురు పట్టే సమయాన్ని, తనకు తోచినట్టు మార్చుకుంటూ పోతుంది. ఆ రెండు లెక్కలూ కలవనప్పుడు గోడ మీద నీడ చారలు పాకుతాయి. షూటింగ్ రోజు అరచేతిలో తెర మీద ఎవరి కంటా పడవు. కాలేజీ సెమినార్ హాల్లో పెద్ద తెర మీద వేసినప్పుడు అందరి కళ్ళూ వాటి మీదే ఉంటాయి. 25 ఫ్రేములు పెట్టి షట్టర్ 1/50 సెకను దగ్గర కదలకుండా లాక్ చెయ్యి. వెలుతురు ఎక్కువైతే 1/100. చారలు పోతాయి. చౌకరకం ఎల్‌ఈడీ బల్బులు కొన్నింటికీ ఈ జబ్బు ఉంది, కాబట్టి ఆ ఇంట్లో ఉన్న ప్రతి లైటు కిందా అర నిమిషం తీసి, ల్యాప్‌టాప్‌లో పెద్దది చేసి చూసుకో.

ఫోనులో ముందే ఉన్న కెమెరా యాప్‌లో షట్టర్ లాక్ ఉండకపోవచ్చు. ప్రో మోడ్ ఉంటే అందులో చూడు. లేదంటే బ్లాక్‌మ్యాజిక్ కెమెరా అనే యాప్ ఉచితంగా దొరుకుతుంది, 2023లో ఐఫోన్లకు, 2024లో ఆండ్రాయిడ్‌కు వచ్చింది. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో అది నడవదు, ముందుగా వేసి చూసుకోవాలి. షట్టర్‌తో పాటు ఎక్స్‌పోజర్ (వెలుతురు మోతాదు), వైట్ బ్యాలెన్స్ (రంగుల తూకం) కూడా లాక్ చెయ్యి. నీ కథలో కూతురు తలుపు తీసుకుని లోపలికి వస్తుంది కదా. ఇవన్నీ ఫోను తనంతట మార్చుకునేలా వదిలేస్తే తలుపు తెరవగానే బయటి వెలుతురుకు ఫోను బెదిరి అమ్మ మొహాన్ని చీకటి చేస్తుంది, తలుపు మూయగానే మళ్ళీ వెలిగిస్తుంది. గోడ రంగు కూడా ఒకే షాట్‌లో పసుపు నుంచి నీలానికి తిరుగుతుంది. చూసేవాళ్ళకు కారణం తెలియదు గానీ, ఎవరో మధ్యలో వేలు పెట్టినట్టు అనిపిస్తుంది. అక్కడ అమ్మ మొహం తప్ప ఇంకేదీ మారకూడదు.

కరెంటు పోయే సీను గురించి ఒక్క మాట. నిజం చీకట్లో తీస్తే ఫోను ఐఎస్‌ఓ, అంటే వెలుతురు పట్టే సున్నితత్వం, పెంచుకుంటూ పోతుంది, బొమ్మంతా ఇసక చల్లినట్టు అవుతుంది. పొద్దు గూకిన తర్వాత ఓ పావుగంట, ఇరవై నిమిషాలు కిటికీలోంచి నీలి వెలుతురు వస్తుంది చూశావా, ఆ వేళకి షాట్ సిద్ధంగా పెట్టుకో. గదిలో ఛార్జింగ్ లైటు ఒక మూల తెల్ల దుప్పటి మీద పడేలా తిప్పిపెడితే, దాని మీంచి వచ్చే మెత్తటి వెలుతురు అమ్మ చేతుల మీదికి చాలు. అంత కొద్ది వ్యవధిలో నాలుగు షాట్లు తియ్యలేరు. రెండు రోజులు అదే వేళకు వెళ్ళండి.

ఇక చప్పుడు. నేను ఎక్కువ చెప్పాలనుకున్నది దీని గురించే. కాలేజీ సినిమాలు చాలా చూశాను, జడ్జీగా కూర్చున్నాను. బొమ్మ కాస్త మసకగా ఉన్నా జనం సర్దుకుంటారు. మాట వినపడకపోతే రెండు నిమిషాల్లో ఫోన్లు బయటికి తీస్తారు. నీ కథలోనైతే మాటల కంటే చప్పుళ్ళే ఎక్కువ. తడిపిన తునికాకును కత్తెర కరకరా కోయడం, చాటలో తంబాకు సర్దినప్పటి గరగర, దారం చుట్టి తెంపడం, పాతిక బీడీలు కట్ట కట్టి పక్కన పెట్టడం. అమ్మ మాట్లాడదని నువ్వే రాశావు, ఆమె బదులు మాట్లాడాల్సింది ఇవే.

ఫోనులో ఉన్న మైకుతో, ఫోను ఉన్న చోటి నుంచి అవి పట్టుబడవు. మైకు దూరం రెట్టింపైతే నేరుగా వచ్చే శబ్దం 6 డెసిబెల్స్ తగ్గిపోతుంది, గది మోత మాత్రం తగ్గదు. అందుకే పది అడుగుల నుంచి తీసిన మాట బావిలోంచి వచ్చినట్టుంటుంది. మైకు నటి నోటికి మూరెడు దూరంలో ఉండాలి. కాలరు మైకు పెడితే చీర కొంగు రాసుకోకుండా చూడు, ఆ రాపిడి తర్వాత ఏ సాఫ్ట్‌వేర్‌తోనూ సరిగా పోదు. మైకుకి డబ్బు చాలకపోతే ఇంకో ఫోనునే రికార్డరుగా వాడుకో. చాట వెనక, ఫ్రేములో పడకుండా పెట్టి, 48 కిలోహెర్ట్జ్ వేవ్ (శబ్దాన్ని కుదించని) ఫైలుగా రికార్డు చెయ్యి. మాట గట్టిగా వచ్చినప్పుడు రికార్డరులో శబ్దం మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆడాలి, సున్నా తాకితే ఆ మాట పగిలిపోయినట్టే. ప్రతి షాట్ మొదట్లో కెమెరా ముందు ఒకసారి చప్పట్లు కొట్టండి. బొమ్మలో చేతులు కలిసిన ఫ్రేమూ, రికార్డరులో చప్పుడు లేచిన చోటూ కలిపితే రెండూ జత కుదురుతాయి.

ఫ్యాను ఆపాలి. ఎండాకాలంలో కష్టమే, కానీ ఆపాలి. పక్కింటి ఫ్రిజ్, కుక్కరు, వీధిలో ఉల్లిగడ్డల ఆటో మైకు, ఇవన్నీ ఏ వేళకు వస్తాయో ఒక రోజు ముందే వెళ్ళి ఆ గదిలో కళ్ళు మూసుకుని కూర్చుంటే తెలుస్తుంది. షూటింగ్ అయిపోయాక అందరినీ కదలకుండా కూర్చోబెట్టి ఖాళీ గది శబ్దం ఒక నిమిషం రికార్డు చెయ్యి. మాటకీ మాటకీ మధ్య కోసినచోట పూడ్చడానికి అదే పనికొస్తుంది. ఆ తర్వాత కెమెరా లేకుండా మైకు ఒక్కటే పట్టుకుని అమ్మ దగ్గర కూర్చో. కత్తెర, చాట, దారం, గాజులు, ఒక్కోదాన్నీ జానెడు దూరం నుంచి విడివిడిగా తీసుకో. ఈ మధ్య కృత్రిమ మేధతో గోల తీసేసే పనిముట్లు చాలా వచ్చాయి. కొద్దిగా వాడితే మేలే చేస్తాయి. ఎక్కువ తిప్పితే గోలతో పాటు తునికాకు కరకరనీ, గొంతులోని ఊపిరినీ కూడా తుడిచేస్తాయి.

ఫోనుకి రీలు ఖర్చు లేదని టేకు మీద టేకు తీసే అలవాటు చేసుకోకండి. ఫిల్ము రోజుల్లో 35 ఎం.ఎం. వెయ్యి అడుగుల రోలు సుమారు 11 నిమిషాలే నడిచేది. అందుకని ముందు బాగా రిహార్సల్ చేసుకుని, తర్వాతే కెమెరా తిప్పేవాళ్ళు. నీ కథలో నటిస్తున్నది నిజంగా బీడీలు చుట్టే ఆవిడ అన్నావు. ఆమెకి రోజు కూలీ చుట్టిన లెక్కన వస్తుంది. పది టేకులు తీస్తే ఆమె పొద్దు పోతుంది. ఆ పూట కూలీ ముందే చేతిలో పెట్టండి, తీసినది ఆమెకే మొదట చూపించండి. షాట్ మొదలుపెట్టే ముందు లెన్సు గుడ్డతో తుడవడం, ఫోను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టడం ఎవరో ఒకరి బాధ్యతగా అప్పగించు. మంచి టేకు మధ్యలో ఫోన్ మోగితే ఆ పెద్దావిడని మళ్ళీ అలా చెయ్యమనడం న్యాయం కాదు.

సాయంత్రం ఇంటికి రాగానే అన్నం తినకముందే ఫైళ్ళు రెండు చోట్లకి కాపీ చెయ్యి. ఒకటి ల్యాప్‌టాప్, ఒకటి హార్డ్‌డిస్కు, వీలైతే మూడోది ఇంకొకరి ఇంట్లో. కాపీలు తెరిచి ఆడించి చూసేదాకా ఫోనులోంచి ఏదీ చెరపకు.

ఇక ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ సంగతి. డావించీ రిజాల్వ్ ఉచిత వెర్షన్ నీకు సరిపోతుంది. అయితే అది బరువైనది. 8 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్ అయితే ఆయాసపడుతుంది. ప్రాక్సీలు, అంటే ఫైళ్ళకి తేలికపాటి నకళ్ళు చేసుకుని ఎడిట్ చెయ్యి, లేకపోతే కేడెన్‌లైవ్ లాంటి తేలికదానికి వెళ్ళు. అన్ని మెనూలూ నేర్చుకోవాలని కూర్చోకు. కోయడం, జరపడం, శబ్దాన్ని బొమ్మతో కలపడం, ఒక షాట్ రంగుని పక్క షాట్‌తో కలపడం, ఫైలుగా బయటికి తీయడం, ఇవి వస్తే నీ సినిమా పూర్తవుతుంది. ఒక్క చిక్కు మాత్రం ముందే చెబుతున్నాను. చాలా ఫోన్లు ఫ్రేము వేగాన్ని నిలకడగా ఉంచవు, 25 అని పెట్టినా అటూ ఇటూ జరుగుతుంది. పొడవాటి షాట్‌లో మొదట కుదిరిన పెదవులూ మాటా చివరికి వచ్చేసరికి విడిపోతాయి. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత పనిముట్టులో కాన్‌స్టంట్ ఫ్రేమ్‌రేట్ (మారని ఫ్రేము వేగం) ఎంచుకుని ఫైళ్ళన్నీ ఒకసారి మార్చుకున్నాకే ఎడిటింగ్ మొదలుపెట్టు. సగం ఎడిట్ అయ్యాక ఇది గుర్తొస్తే పనంతా మళ్ళీ మొదటికొస్తుంది.

స్క్రిప్టు పేజీకి ఒక నిమిషం అనే లెక్క ఎవరో చెప్పారని, నీది 14 పేజీలు కాబట్టి 14 నిమిషాలని వేసుకున్నావు. ఆ లెక్క ఇంగ్లీషులో, కొరియర్ అనే ఫాంటుతో, వాళ్ళ అచ్చు పద్ధతిలో రాసిన స్క్రిప్టుకి పుట్టింది. మన లిపికీ, నువ్వు పెట్టుకున్న అక్షరం సైజుకీ దాంతో సంబంధం లేదు. గడియారం పెట్టుకుని డైలాగులు పైకి చదువు, పనులు నిజంగా చేసి చూడు. అమ్మ ఒక ఆకు తీసి, కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టేదాకా ఎంతసేపు పడుతుందో అంతసేపూ తెరమీద ఉంచదలచుకున్నావా, లేదా? ఆ ఒక్క నిర్ణయం మీదే సినిమా నిడివి ఉంది. నన్నడిగితే ఒక్కసారైనా పూర్తిగా ఉంచు.

ఆఖరికి టైటిల్స్. పని అంతా బాగా చేసి, పేర్ల దగ్గర తెలుగుని పాడుచేసిన సినిమాలు చూస్తే నాకు ప్రాణం చివుక్కుమంటుంది. కొన్ని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు ఒత్తుల్ని విడగొడతాయి, గుడిని పక్క అక్షరానికి తగిలిస్తాయి. ముందుగా స్త్రీ, లక్ష్మి, జ్యోత్స్న, కర్త్రి అని టైపు చేసి చూడు. నాలుగూ సరిగ్గా వస్తే ధైర్యంగా సాగిపో. రాకపోతే ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో టైటిల్ రాసి, వెనక ఏమీ లేని పీఎన్‌జీ బొమ్మగా తెచ్చి పెట్టుకో. అక్షరాలకి కొదవ లేదు. రామభద్ర, మల్లన్న, సురవరం, గిడుగు, పొన్నాల, ఇవన్నీ యూనికోడ్ ఫాంట్లు, గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి. లావు గీతల రామభద్ర సినిమా పేరుకి బాగుంటుంది, చిన్న అక్షరాల్లో వచ్చే పేర్లకి సన్నటిది వేరే తీసుకో.

సబ్‌టైటిల్స్ యంత్రంతో రాయించినా, ప్రతి వరసా చెవితో విని నువ్వే సరిచెయ్యి. ఆవిడ మాట్లాడేది కామారెడ్డి మాట. యంత్రం దాన్ని పుస్తకాల తెలుగుగా దిద్దేస్తుంది, ఇంగ్లీషులోకి దించేటప్పుడు ఇంకా చప్పగా చేస్తుంది. ఎస్సార్టీ ఫైలు, అంటే సబ్‌టైటిల్స్ ఉండే ఫైలు, తెలుగు లిపిని నిలిపే యూటీఎఫ్-8 పద్ధతిలో భద్రం చెయ్యి, లేకపోతే తెరమీద ప్రశ్నార్థకాలు వస్తాయి.

ఈ ఆదివారం ఆ ఇంటికి ఫోనూ మైకూ పట్టుకుని వెళ్ళు. నటన వద్దు, కథ వద్దు. ట్యూబ్‌లైటు కింద రెండు నిమిషాలు, సందెవేళ రెండు నిమిషాలు, కత్తెర చప్పుడు విడిగా ఒక నిమిషం తీసి నాకు పంపు. ఫోను మోడల్ ఏదో, షట్టర్ ఎంత పెట్టావో కూడా రాయి. వాట్సాప్‌లో వీడియోగా పంపితే నాణ్యత తగ్గిపోతుంది, డ్రైవ్‌లో పెట్టి లింకు ఇవ్వు. చూసి రాస్తాను. డైలాగుల్లో నాకు తోచినవి స్క్రిప్టు అంచున పెన్సిలుతో రాశాను, ఆ పేజీలు ఫోటో తీసి విడిగా పంపుతున్నాను.

ఆశీస్సులతో,
మీ బాబాయి