చంటీ, బండి కొనే ముందు ఒకసారి రేవుకి రా

చిరంజీవి చంటికి మావయ్య ఆశీస్సులు.

నీ వాయిస్ మెసేజ్ మీ అత్తా నేనూ రెండుసార్లు విన్నాం. డల్లాస్ ఉద్యోగం వదిలేసి వచ్చి సఖినేటిపల్లి కొబ్బరి తోట చూసుకుంటానన్న మాటకి అత్త కళ్లు తుడుచుకుంది. నేను మాత్రం నువ్వు చెప్పిన బండి దగ్గరే ఆగిపోయాను.

అక్కడ కార్ల పిచ్చోళ్లంతా చిన్న పికప్పులూ గేర్ల బళ్లూ దొరక్క బాధపడుతున్నారన్నావు. బయటి దేశాల ట్రక్కుల మీద 1964 నుంచీ 25 శాతం సుంకం ఉందనీ, అందుకని పాతికేళ్లు దాటిన జపాన్ బుల్లి ట్రక్కుల్ని, 660 సీసీవి, ఓడల్లో తెప్పించుకుంటున్నారనీ చెప్పావు. నవ్వొచ్చిందిరా. వాళ్లు అంత తపించే సైజు బళ్లు మన అంబాజీపేటలో కొబ్బరికాయల కోసం వరసగా నిలబడి ఉంటాయి. 2005లో టాటా ఏస్ వచ్చినప్పుడు రెండు సిలిండర్లు, 702 సీసీ, 16 గుర్రాల బలం, నాలుగు గేర్లు. మేమూ నవ్వాం. తర్వాత దాంతోనే పిల్లల ఫీజులు కట్టాం.

నువ్వేమో ఇసుజు వి-క్రాస్ పికప్ అంటున్నావు. మన శ్రీసిటీలో తయారయ్యే బండే, గట్టిదే, కాదనను. కానీ పొడవు 17 అడుగుల పైన. మన తోటకి వెళ్లే పుంత దారి గుర్తుందా? ఒక పక్క బోదె కాలవ, ఇంకో పక్క ఇళ్ల మెట్లు. ఎదురుగా గడ్డి ట్రాక్టర్ వస్తే ఎవరో ఒకరు వెనక్కి వెళ్లాలి. ట్రాక్టర్ వాడు వెళ్లడు. అంత పొడుగు బండిని బోదె పక్కన రివర్స్ చేసే టెన్షన్ కాయల దింపు రోజున నీకొద్దు.

ఇక గేర్ల సంగతి. గేరు మార్చడంలో మజా ఉంది, అది నాకూ తెలుసు. అంబాసిడర్‌లో స్టీరింగ్ పక్కనుండే గేరు రాడ్‌తో నేర్చుకున్నవాణ్ణి. అయినా ఒకటి చెప్తాను, ఎక్కడా అనకు. ఇప్పుడు ఊళ్లో తిరగడానికి నేను వాడే కారుకి క్లచ్ లేదు. ఎడమ మోకాలు ఒప్పుకోవడం లేదు. కాబట్టి మగాడన్నవాడు గేర్ల బండే నడపాలనే కబుర్లు నా దగ్గర చెప్పకు. నీకు మాన్యువల్ తీసుకోమనేది మన రేవు కోసం.

నరసాపురం పని పడిన ప్రతిసారీ చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరగలేవు, బళ్లని గోదావరి దాటించే పంటి ఎక్కుతావు. గోదావరి పోటు మీద ఉన్నప్పుడు పంటి ఒడ్డుకి దాదాపు సమంగా ఉంటుంది. పాటులో నీళ్లు తగ్గి కిందకి దిగిపోతుంది, అప్పుడు ఒడ్డెక్కడం ఏటవాలు గోడ ఎక్కినట్టే. పైగా తడి బురద. ఓసారి వెనక అరటి గెలలు వేసుకుని సగం ఎక్కాక ఇంజను ఆపేశాను. తప్పు నాదే, కంగారులో క్లచ్ ఒక్కసారిగా వదిలేశాను. బండి జానెడు జారింది. వెనక ఒకాయన సైకిల్ మీద పాలక్యాన్లతో ఉన్నాడు. ఆయన అరిచిన అరుపు ఇప్పటికీ చెవిలో ఉంది.

అక్కడ చేయాల్సింది ఇదీ. హ్యాండ్ బ్రేకు నిండా లాగు. మొదటి గేరు వెయ్యి. క్లచ్ నెమ్మదిగా వదులుతుంటే ఒక చోట ఇంజను గొంతు బరువెక్కుతుంది, బండి ముక్కు కొంచెం లేస్తుంది. అదే పట్టు. అక్కడ కాలు ఆపి, కాస్త యాక్సిలరేటర్ ఇచ్చి, అప్పుడు హ్యాండ్ బ్రేకు వదులు. మధ్యలో గేరు మార్చకు. ఏటిగట్టు ఎక్కేటప్పుడూ అంతే, వాలు మొదలవకముందే గేరు తేల్చుకోవాలి. దిగేటప్పుడు న్యూట్రల్ చెయ్యొద్దు, ఏ గేరులో ఎక్కావో అందులోనే దిగు. ఖాళీ బండికి వెనక బరువుండదు, వానాకాలం నల్లమట్టిలో వెనక చక్రాలు తిరిగిన చోటే తిరుగుతాయి. అప్పుడు రెండో గేరులో మెల్లగా కదుపు. ఊరికే క్లచ్ మీద కాలు పెట్టి నడిపే అలవాటుంటే ఇప్పుడే మానేయ్, క్లచ్ ప్లేటు కాలిన వాసన వచ్చాక మానినా లాభం లేదు.

పాతబండి కొంటానన్నావు, మంచిదే. అయితే రొయ్యల బండి మాత్రం వద్దు. భీమవరం వైపు నుంచి చౌకగా వస్తాయి, కొత్త రంగుతో పెళ్లికూతుళ్లలా ఉంటాయి. ఐసూ ఉప్పునీరూ ఏళ్ల తరబడి కారి ఛాసిస్‌ని తినేసి ఉంటాయి. కిందకి దూరి స్పానర్‌తో కొట్టి చూడు. గట్టి ఇనుము ఖంగుమంటుంది, తుప్పు పట్టింది మొద్దుగా పలుకుతుంది, రేకులు రాలతాయి. తర్వాత హ్యాండ్ బ్రేకు లాగి, మూడో గేరు వేసి క్లచ్ వదులు. ఇంజను వెంటనే ఆగిపోవాలి. ఆగకుండా ఊగుతూ నడుస్తోందంటే ప్లేటు జారుతోంది, బేరంలో అది తగ్గించు. నడిపి చూసేటప్పుడు రెండో గేరులో స్పీడు పెంచి యాక్సిలరేటర్ వదులు. రాడ్ దానంతటదే న్యూట్రల్‌కి వచ్చేస్తే ఆ బండి వదిలేయ్. క్లచ్ ప్లేటు మన మెకానిక్ వేపచెట్టు కింద ఒక పూటలో మారుస్తాడు, గేర్‌బాక్స్ విప్పితే మాత్రం ఖర్చు ఎక్కడికి పోతుందో చెప్పలేం.

ముప్పావు టన్ను బండి చాలు. పీచు డొక్కతో ఉన్న కాయ కిలో పైనే తూగుతుంది, అంటే ఏడొందల కాయలు దాటవు. ఇంకో వంద వేద్దామని దింపువాళ్లు అంటారు, ఒప్పుకోకు. బరువంతా వెనక తలుపు దగ్గర పడిందంటే ముందు చక్రాలు తేలికై స్టీరింగ్ మాట వినదు.

లైసెన్సు గురించి బెంగ వద్దు. 7,500 కిలోల లోపు రవాణా బండికి మామూలు ఎల్‌ఎంవీ, అంటే తేలికపాటి బళ్ల లైసెన్సు సరిపోతుందని 2024 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. పసుపు నంబరు ప్లేటు, ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్ మాత్రం తప్పవు. కరెంటు బండి మాట కూడా అన్నావు. నువ్వు రోజుకెన్ని కిలోమీటర్లు తిరుగుతావో తేలాక దాని సంగతి మాట్లాడదాం.

దిగిన వారంలోనే ఒకరోజు గోదావరి పాటు మీద ఉన్న వేళ చూసి రేవుకి వెళ్దాం. నా పాత ట్రాలీ బండి ఇంకా మన షెడ్డులోనే ఉంది, దాంతో పదిసార్లు ఎక్కించి దింపు, కొనేది తర్వాత చూద్దాం. వచ్చేటప్పుడు పల్చటి అడుగున్న చెప్పులు తెచ్చుకో. ఫోటోల్లో నీ కాళ్లకి కనిపిస్తున్న ఆ దిమ్మల్లాంటి బూట్లతో క్లచ్ ఎక్కడ పట్టిందో పాదానికి తెలియదు.

ఇట్లు
మీ మావయ్య
రాజోలు