కొత్త లాప్‌టాప్‌కి మారే ముందు

చి. బుజ్జికి పిన్ని ఆశీస్సులు.

పాత లాప్‌టాప్‌లోని సెట్టింగులు కొత్తదాంట్లోకి ఎలా తెచ్చుకోవాలని అడిగావు. పెన్‌డ్రైవ్‌లో కాపీ చేసుకోకు నాన్నా. ఇదే అదనుగా గిట్‌లో పెట్టెయ్, ఫైళ్లలో చేసిన ప్రతి మార్పునూ గుర్తుపెట్టుకునే సాఫ్ట్‌వేర్ అది.

హోమ్ ఫోల్డర్ మొత్తం గిట్‌కి అప్పగించకు. నువ్వు చేత్తో రాసుకున్న బాష్‌ఆర్‌సీ (టెర్మినల్‌లోని బాష్‌ది), విమ్‌ఆర్‌సీ (విమ్ ఎడిటర్‌ది), గిట్‌కాన్ఫిగ్ (గిట్‌ది) లాంటి సెట్టింగ్ ఫైళ్లు చాలు. నువ్వు కొట్టిన కమాండ్లు దాచే బాష్ హిస్టరీ అసలే వద్దు, అందులో ఎప్పుడో టైపు చేసిన పాస్‌వర్డ్ ఉండొచ్చు.

ఆ ఫైళ్లకు లింకులు వేసే చిన్న ప్రోగ్రాం జీఎన్‌యూ స్టౌ నీకు సరిపోతుంది. హోమ్‌లో డాట్‌ఫైల్స్ అని ఒక ఫోల్డర్ పెట్టి, దాంట్లో బాష్, విమ్, గిట్ అని విడివిడిగా ఫోల్డర్లు చేసి, ఒక్కో ఫైలును దాని ఫోల్డర్లోకి మార్చు. డాట్‌ఫైల్స్‌లోకి వెళ్లి 'స్టౌ విమ్' అని కొడితే హోమ్‌లో దానికి సింబాలిక్ లింక్ (అసలు ఫైలు ఎక్కడుందో చూపే గుర్తు) పడుతుంది. ఈ డాట్‌ఫైల్స్ ఫోల్డరే నీ గిట్ రిపో. దాన్ని గిట్‌హబ్ లాంటి సైటుకి పుష్ చేసి (పంపి), కొత్త మెషీన్లో క్లోన్ చేసి (దింపుకుని) ఇదే కొట్టాలి. ఉబుంటులో అయితే బాష్‌ఆర్‌సీ ముందే ఉంటుంది కాబట్టి స్టౌ ఒప్పుకోక ఆగిపోతుంది. కంగారుపడకు, ఆ ఫైలు పేరు మార్చి మళ్లీ కొట్టు. 'అడాప్ట్' ఆప్షన్ జోలికి మాత్రం ఇప్పుడే వెళ్లకు. అది మెషీన్లో ఉన్న ఫైలును తెచ్చి నీ రిపోలోని దాని మీద పడేస్తుంది.

నాకు అన్నిటికంటే భయం రహస్యాల గురించే. ఎస్‌ఎస్‌హెచ్ ప్రైవేట్ కీ (వేరే కంప్యూటర్లోకి లాగిన్ అయ్యే తాళం), టోకెన్లు (పాస్‌వర్డ్ బదులు వాడే కోడ్‌లు), క్లౌడ్ పాస్‌వర్డులు ప్రైవేట్ రిపోలో కూడా పెట్టొద్దు. పొరపాటున పుష్ అయితే, ఫైలు డిలీట్ చేసి ఇంకో కమిట్ (మార్పుల నమోదు) కొట్టినా పాత కమిట్‌లో అది అలాగే ఉంటుంది. ముందు ఆ కీని రద్దు చేసి కొత్తది తీసుకో, హిస్టరీ శుభ్రం చేయడం తర్వాత. ఆఫీసు మెషీన్‌కి మాత్రమే పనికొచ్చే లైన్లను బాష్‌ఆర్‌సీ లోకల్ అని వేరే ఫైల్లో రాసి, రిపో బయటే ఉంచు. ఆ ఫైలు ఉంటేనే చదవమని అసలు బాష్‌ఆర్‌సీ చివర ఒక లైను రాస్తే చాలు. ఆఫీసు ఈమెయిల్‌కి గిట్‌కాన్ఫిగ్‌లో 'ఇన్‌క్లూడ్‌ఇఫ్' ఉంది, ఫోల్డర్‌ని బట్టి అదే మారుతుంది.

కమిట్ మెసేజ్‌లో 'అప్‌డేట్' అని రాసి వదిలెయ్యకు. 'మేక్‌ఫైళ్లలో ట్యాబులు స్పేసులుగా మారకుండా' అని కారణం రాయి. రెండేళ్ల తర్వాత ఆ లైను ఎందుకుందో నీకే గుర్తుండదు. గిట్‌హబ్‌లో ఎవరి విమ్‌ఆర్‌సీ అయినా నచ్చితే మొత్తం ఎత్తుకురాకు, అర్థమైన లైను మాత్రమే తీసుకో.

అన్నీ అయ్యాక కొత్తదాంట్లో ఇంకో యూజర్ అకౌంట్ తెరిచి, క్లోన్ దగ్గర్నుంచి ఒకసారి చేసి చూడు. అక్కడ అంతా సవ్యంగా వచ్చాకే పాతది ఫార్మాట్ చెయ్యి.

ఇట్లు,
పిన్ని