అల్లుడికి, స్టీరింగ్ పంపు విప్పే ముందు

అల్లుడూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. కొబ్బరి ధర, మోకాళ్ళ నొప్పులు అన్నీ అయ్యాక, "వాడు పికప్పు స్టీరింగ్ పంపు ఇంటి దగ్గరే మార్చుకుంటాడట తమ్ముడూ, పెద్ద పనేనా?" అని అడిగింది. పెద్ద పని కాదక్కా అన్నాను. ఫోన్ పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలేదు. నీ వయసు వాళ్ళు బానెట్ తాళం కూడా షెడ్డు వాడి చేతిలోనే పెడుతున్నారు. నువ్వు సొంతంగా విప్పుతానంటున్నావు. అది విని నా ఛాతీ ఉప్పొంగింది. ఆ వెంటనే భయమూ వేసింది. ఈ ఉత్తరం ఆ భయంతో రాస్తున్నదే.

ముందు ఒక మాట అడుగుతాను. స్టీరింగ్ తేలిగ్గా తిరిగేలా ఆయిల్‌ని ఒత్తిడితో తోసే ఆ పంపే పోయిందని ఎవరు చెప్పారు? బండి నిలబెట్టి స్టీరింగ్ తిప్పితే మూలుగుతోంది అన్నావట. మూలుగు వేరు, కీచు వేరు. కీచుమని అరిస్తే బెల్టు వదులైందో, అరిగి నున్నబడిందో చూడు. మూలుగే అయితే ఆయిల్ డబ్బా మూత తీసి చూడు. ఆయిల్ తగ్గిందా? నురగ కడుతోందా? నురగ ఉంటే ఎక్కడో గాలి పీలుస్తోంది. డబ్బా నుంచి పంపుకి వచ్చే లావు రబ్బరు పైపు, దాని క్లిప్పు చూడు. ఎండకీ వేడికీ ఆ రబ్బరు వెంట్రుక వాసి పగుళ్ళిస్తుంది. అక్కడ ఆయిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. అందుకే కింద మరక కనపడదు. ఒక పైపు ముక్కతో పోయేదానికి వేలకు వేలు పోసి పంపు మార్చినవాళ్ళను చాలామందిని చూశాను. ముందు టైర్లలో గాలి తగ్గినా స్టీరింగ్ బరువుగానే ఉంటుంది. ఇవన్నీ చూశాక కూడా పంపేనని తేలితే అప్పుడు విప్పు.

ఇంక చోటు. మీ ఇంటి వెనక కొబ్బరి చెట్ల కింద నీడ బాగుంటుందని బండి అక్కడ పెడతావేమో. వద్దు. మన ఒండ్రు నేలని నమ్మకూడదు. పైన ఎండి గట్టిగా కనిపిస్తుంది, జానెడు కింద మెత్తగా ఉంటుంది. జాకీ ఎక్కించినప్పుడు నిలబడుతుంది. నువ్వు కిందకి దూరి పానా బిగించి ఒక్క ఊపు ఊపావంటే దిగిపోతుంది. ధాన్యం ఆరబోసుకునే సిమెంటు చప్టా ఉంది కదా, అక్కడ పెట్టు. చప్టా మీద కూడా జాకీ కింద మందపాటి చెక్క వెయ్యి, వెనక చక్రాలకు ముందూ వెనకా రాళ్ళు పెట్టు, బండి లేపాక స్టాండ్లు వేసి బరువు వాటి మీదకి దించు. స్టాండ్లు లేకపోతే అడిగి తెచ్చుకో, తెచ్చుకునేదాకా పని మొదలుపెట్టకు. ఇటుకలు పేర్చావని మాత్రం నా చెవిన పడకూడదు. ఇటుక పగిలే ముందు చెప్పి పగలదు. జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందకి దూరితే మీ అమ్మకి నేనేం సమాధానం చెప్పాలి?

మెడలో తువ్వాలు తీసి పక్కన పడెయ్యి. లుంగీ వద్దు, ప్యాంటు వేసుకో. ఇంజిన్ తిరుగుతుండగా బెల్టు పక్కన వంగి చూడాల్సిన పని ఇది. తువ్వాలు కొస ఒక్కటి పుల్లీకి అందితే చాలు.

విప్పడం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, నీ చేతికి ఆ ఒడుపు ఉంది. ఇంజిన్ చల్లారాలి, బ్యాటరీ నెగెటివ్ తీసెయ్యాలి. బెల్టు ఏ దారిలో తిరుగుతుందో ఫోన్‌లో ఫోటో తీసుకో. డబ్బాలో ఆయిల్ సిరంజితో లాగెయ్యి. ప్రెషర్ పైపు నట్టుకి సరిగ్గా పట్టే పానా వాడు, స్లైడ్ రెంచి పెట్టి మూలలు అరగదీయకు. అక్కడ రాగి వాషర్లు ఉంటే పాతవి మళ్ళీ వెయ్యకు, కొత్తవి కొను. ఊడదీసిన ప్రతి పైపు నోటికీ శుభ్రమైన గుడ్డ కట్టు. చప్టా మీద ఊక దుమ్ము ఎంత ఎగురుతుందో నీకు తెలిసిందే.

పుల్లీ దగ్గర మాత్రం ఆగు. కొన్ని పంపులకు పుల్లీ నట్టుతో ఉంటుంది, కొన్నింటికి షాఫ్టు మీదకి బిగువుగా ఎక్కించి ఉంటుంది. నీ బండిది ఏ రకమో చూడు. బిగువుగా ఎక్కించిన రకమైతే తీయడానికి పుల్లర్, ఎక్కించడానికి దానికి సరిపడే పనిముట్టు కావాలి. సుత్తి ముట్టుకోకు. సుత్తితో కొడితే ఆ దెబ్బ షాఫ్టు మీదుగా లోపలి రేకులకీ బేరింగుకీ తగులుతుంది. కొత్త పంపు మొదటి రోజే మూలుగుతుంది, నువ్వేమో అమ్మినవాడి మీద పోట్లాటకి పోతావు.

ఇప్పుడు ఆయిల్ సంగతి. నువ్వు ఈ పని మాట ఎత్తగానే మీ నాన్న మారు మాట్లాడకుండా తోటలోకి వెళ్ళిపోయాడని అమ్మ చెప్పింది. కోపం వచ్చిందనుకున్నావట. కోపం కాదు నాయనా. పొద్దున్నే ఆయనకి ఫోన్ చేశాను. "నువ్వే చెప్పు బావమరిదీ, నాకు చెప్పడం చేతకాదు" అన్నాడు. అందుకని ఆయన అనుమతితోనే రాస్తున్నాను.

మీ నాన్న కుడి భుజం చెవి దాకా ఎందుకు లేవదని చిన్నప్పుడు నువ్వు అడిగితే చెట్టు మీంచి పడ్డాడని చెప్పేవాళ్ళం. అది నిజం కాదు. నువ్వు అప్పటికి బడికి వెళ్ళే పిల్లాడివి. మీ నాన్నకి మినీ లారీ ఉండేది, కర్పూర అరటి గెలలు రావులపాలెం మార్కెట్‌కి తోలేవాడు. దాని పంపు పోతే ఒక షెడ్డులో కొత్తది వేయించాడు. ఆ షెడ్డు వాళ్ళు పంపు మార్చారు గానీ పైపుల్లో, స్టీరింగ్ బాక్సులో ఉన్న పాత ఆయిల్ తీయలేదు. పాత పంపు అరిగి రాల్చిన ఇనుప పొడి అంతా అందులోనే ఉండిపోయింది. కొత్త పంపు దాన్నే తాగడం మొదలుపెట్టింది. కొన్నాళ్ళకి ఎక్కడో ఒక చుక్క, ఒక చుక్క కారుతూ లెవెల్ తగ్గింది. ఒక రాత్రి కొత్తపేట దాటాక స్టీరింగ్ మొరాయిస్తే మీ నాన్న ఆగి మూత తీసి చూశాడు. అడుగున కాస్త ఉంది. ఆ వేళప్పుడు కొట్లు లేవు. క్యాబిన్‌లో బ్రేక్ ఆయిల్ సీసా ఉంది. ఆయిల్ ఆయిలే కదా అనుకుని పోసేశాడు.

ఆ రాత్రి బండి బాగానే ఇంటికి వచ్చింది. మర్నాడూ బాగానే నడిచింది. అదే కొంప ముంచింది. అప్పటికప్పుడే ఆగిపోయి ఉంటే ఆయన నాకు ఫోన్ చేసేవాడు. పవర్ స్టీరింగ్ సీళ్ళు పెట్రోలియం నూనెలో ఉండడానికి చేసిన రబ్బరు. బ్రేక్ ఆయిల్ ఆ జాతి కాదు, అది గ్లైకాల్‌తో చేసేది. ఒకదానికి సరిపడే రబ్బరుని రెండోది తినేస్తుంది. బ్రేకుల్లో స్టీరింగ్ ఆయిల్ పోసినా అంతే, బ్రేకులే పోతాయి.

తెల్లవారుజామున గెలల లోడుతో కాలువ గట్టు మీద వస్తున్నాడు. పంపు మూలుగుతోంది, బెల్టు అనుకున్నాడు. లాకుల దగ్గర గట్టు మెలిక తిరుగుతుంది చూడు, అక్కడ స్టీరింగ్ ఒక్కసారిగా బరువెక్కింది. డబ్బాలో ఆయిల్ అయిపోయింది. అల్లుడూ, ఇక్కడ ఒక్కటి బాగా గుర్తుపెట్టుకో. స్టీరింగ్ పట్టేసిందని ఊరంతా అన్నారు. పట్టెయ్యలేదు. పంపు పని మానేసినా చక్రాలకీ స్టీరింగుకీ మధ్య లంకె అలాగే ఉంటుంది, సత్తువంతా పెట్టి లాగితే తిరుగుతుంది. పాత బెంజి లారీలు మేమంతా అలాగే సీట్లోంచి లేచి మరీ తిప్పేవాళ్ళం. కానీ ఒక వేలితో తిప్పడానికి అలవాటు పడ్డ చేతికి ఆ బరువు తగిలేసరికి పట్టేసిందనే అనిపిస్తుంది. మీ నాన్న తిప్పడం ఆపేసి బ్రేకు మీద నిలబడ్డాడు. ముందు చక్రం గట్టు దిగింది, బండి పక్కకి ఒరిగి కాలువలోకి జారింది. వేసవిలో కాలువలు కట్టేసిన రోజులు కాబట్టి మోకాలి లోతు బురదే ఉంది. నీళ్ళు వదిలిన రోజులైతే ఈ ఉత్తరం రాసే పని ఉండేది కాదు. భుజం కీలు తప్పింది. గెలలన్నీ బురదలో పడ్డాయి.

ఆ స్టీరింగ్ బాక్సు నేనే విప్పాను. సీలు బయటికి తీస్తే నానేసిన శనగగింజలా ఉబ్బి ఉంది. గోటితో నొక్కితే నొక్కిన గుర్తు అలాగే ఉండిపోయింది. మీ నాన్న కట్టుతో పక్కనే కూర్చుని, దాన్ని నా చేతిలోంచి తీసుకుని చాలాసేపు చూశాడు. ఆ తర్వాత ఆయన స్టీరింగ్ పట్టుకోలేదు. నువ్వు బండి కొంటానన్నప్పుడు వద్దనలేదు చూడు, దానికి ఎంత గుండె కావాలో నాకు తెలుసు.

అందుకని విను. ఏ ఆయిల్ పోయాలో నీ బండి పుస్తకంలో ఉంటుంది, డబ్బా మూత మీద కూడా రాసి ఉండొచ్చు. చాలా బళ్ళకి డెక్స్‌రాన్ రకం ఏటీఎఫ్, అంటే ఆటోమేటిక్ గేర్లకి వాడే ఆయిల్. ఎర్రగా ఉంటుంది, కానీ రంగుని నమ్మి కొనకు, సీసా మీద చదువు. రెండు మూడు లీటర్లు తెచ్చుకో, సగం కడగడానికే పోతుంది. కొట్టువాడు ఏదైనా ఒకటేనంటే వేరే కొట్టుకి వెళ్ళు. బ్రేక్ ఆయిల్ సీసాని ఆ రోజుకి క్యాబిన్‌లోంచి తీసి ఇంట్లో పెట్టు.

కొత్త పంపు బిగించాక, ఆయిల్ తిరిగి డబ్బాలోకి వచ్చే రిటర్న్ పైపుని డబ్బా దగ్గర ఊడదీసి, దాని కొస ఒక బకెట్టులో పెట్టు. డబ్బాకి ఉన్న ఆ నోరు మూసెయ్యి. ముందు చక్రాలు రెండూ గాలిలో ఉండాలి, ఇంజిన్ ఆపే ఉండాలి. తమ్ముణ్ణి స్టీరింగ్ దగ్గర కూర్చోబెట్టి ఈ కొస నుంచి ఆ కొసకి నెమ్మదిగా తిప్పమను, నువ్వు పైనుంచి కొత్త ఆయిల్ పోస్తూ ఉండు. మొదట నల్లగా వస్తుంది. బకెట్టులోకి శుభ్రమైన ఎరుపు వచ్చేదాకా ఆపకు. డబ్బా ఒక్కసారి కూడా ఖాళీ కానివ్వకు, మళ్ళీ గాలి పోతుంది. తర్వాత పైపు తగిలించి, లెవెల్ నింపి, ఇంజిన్ వెయ్యకుండానే మళ్ళీ ఇరవై సార్లు అటూ ఇటూ తిప్పండి. బుడగలు వస్తాయి, లెవెల్ దిగుతుంది, మళ్ళీ పొయ్యాలి. విసుగొస్తుంది. ఇంతదాకా బాగా చేసినవాళ్ళు కూడా తొందరపడేది ఇక్కడే. గాలి ఉండగా ఇంజిన్ వేస్తే కొత్త పంపు ఎండు మీద తిరిగి అరుగుతుంది.

బుడగలు ఆగాక బ్యాటరీ తగిలించి ఇంజిన్ వెయ్యి. మళ్ళీ తిప్పు, కానీ కొస దాకా తిప్పి అక్కడ ఐదు సెకన్ల కంటే పట్టి ఉంచకు, ఆయిల్ కాగిపోతుంది. అప్పుడు పైపులో చదరపు అంగుళానికి 1000 పౌండ్లు దాటే ఒత్తిడి ఉంటుంది. కారుతోందేమోనని వేలు పెట్టి తడమకు, సన్నటి ధార చర్మంలోంచి లోపలికి దిగిపోగలదు. అట్టముక్క పట్టుకుని చూడు.

పాత ఆయిల్ కాలువలో పొయ్యకు. కింద ఎన్ని చేపల చెరువులు ఆ నీళ్ళే తోడుకుంటున్నాయో నీకు నేను చెప్పాలా. క్యాన్‌లో పట్టి ఉంచు, పాత ఆయిల్ కొనేవాళ్ళు వస్తారు.

అంతా అయ్యాక ఆ రోజే లోడు ఎత్తకు. అంబాజీపేటలో బేరం తప్పిపోయినా పరవాలేదు. ఖాళీ బండి ఊళ్ళో తిప్పి, రాత్రి చప్టా మీద వదిలి, పొద్దున్నే కిందకి వంగి మరక ఉందేమో చూడు, లెవెల్ చూడు. రెండు మూడు రోజులు అలా చూశాకే గట్టు ఎక్కు. ఇంకొకటి. ఖాళీ చోట బండి నిలబెట్టి, ఇంజిన్ ఆపి, తాళం మాత్రం ఆన్‌లోనే ఉంచి స్టీరింగ్ తిప్పి చూడు. తాళం తీసేస్తే లాకు పడిపోతుంది, అందుకని తియ్యకు. పంపు లేకపోతే ఎంత బరువో నీ చేతులకి తెలియాలి. ఎప్పుడైనా దారిలో ఆ బరువు తగిలితే వదిలెయ్యకుండా రెండు చేతులతో లాగుతావు.

పంపు కొనేముందు పాతదాని మీద నంబరు ఫోటో తీసి నాకు వాట్సాప్‌లో పెట్టు. పని ఆదివారం పెట్టుకో. పాలకొల్లులో మొదటి బస్సెక్కితే చించినాడ వంతెన దాటి పొద్దున్నే మీ ఇంట్లో ఉంటాను. పానా ముట్టుకోను, పని నీదే. మీ నాన్న తోటలోకి పోకుండా ఆయన పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటాను. అక్కతో చెప్పు, మధ్యాహ్నానికి పులస కోసం డబ్బులు తగలెయ్యొద్దు, రొయ్యలు చాలు.

మీ మావయ్య