పాతింటికి పవర్ బ్యాకప్: ముందు బ్యాటరీ కాదు, వైరింగ్

ప్రశ్న: మాది వందేళ్లు దాటిన ఇల్లు. సున్నం గోడలు, పైన చెక్క అంతస్తు, పెంకుల కప్పు. నాకూ అన్నయ్యకూ ఉమ్మడి ఆస్తి, ఉంటున్నది మాత్రం మేమే. నాన్నగారికి రాత్రిళ్లు ఆక్సిజన్ కాన్సంట్రేటర్ (గాలిలోంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే యంత్రం) నడవాలి. కరెంటు పోతే మామూలుగా మూడు నాలుగు గంటల్లో వస్తుంది, గాలివాన పడితే రోజంతా రాదు. ఒకరు సోలార్ పెట్టుకోమంటున్నారు, ఇంకొకరు ఇల్లంతటికీ సరిపోయే జనరేటర్ అంటున్నారు, మూడో ఆయన పెద్ద లిథియం బ్యాటరీ అంటున్నారు. ఒక ఫిక్సెడ్ డిపాజిట్ ఉంది. దాన్ని తీసి పెట్టమంటారా, ఐదేళ్ల లోను తీసుకోమంటారా?

జవాబు: మీకు సలహా ఇచ్చిన ముగ్గురూ తమ దగ్గర ఉన్న సరుకు గురించి చెప్పారు. కరెంటు పోయినప్పుడు మీ ఇంట్లో ఏవి నడవాలి, ఎంతసేపు నడవాలి అని ఒక్కరూ అడిగినట్టు లేదు. ఆ లెక్క లేకుండా వచ్చిన కొటేషన్‌ని పక్కన పెట్టేయండి.

లెక్క మనమే వేద్దాం. నిమిషానికి 5 లీటర్ల కాన్సంట్రేటర్ సుమారు 350 వాట్లు లాగుతుంది. ఫ్రిజ్ ఆగుతూ నడుస్తూ ఉంటుంది కాబట్టి సగటున 60 అనుకోండి. పాతరకం ఫ్యాన్లు రెండు 140, ఎల్‌ఈడీ బల్బులు ఆరు 54, వైఫై రూటర్ 10. అన్నీ కలిపితే 614 వాట్లు. నాలుగు గంటలకు దాదాపు రెండున్నర యూనిట్లు. ఇన్వర్టర్‌లో పోయే నష్టం కలిపితే బ్యాటరీ నుంచి మూడు యూనిట్ల దాకా రావాలి. మీకు కావలసింది ఇంతే. ఏసీ, గీజర్, నీళ్ల మోటారు ఇందులో లేవు, ఉండకూడదు కూడా. ఒక హార్స్‌పవర్ మోటారు నడిచేటప్పుడు సుమారు వెయ్యి వాట్లే అయినా, స్టార్ట్ అయ్యే క్షణంలో దానికి ఎన్నో రెట్లు లాగుతుంది. ఆ ఒక్క క్షణం కోసం ఇన్వర్టర్ సైజు రెట్టింపు చేసి, దానికి తగ్గ డబ్బు కట్టడం ఎందుకు? కరెంటు ఉన్నప్పుడే ట్యాంకు నింపుకోండి. ఫ్యాన్లు రెండూ తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ రకానికి మార్చుకుంటే ఇంకో 80 వాట్ల దాకా తగ్గుతాయి. బ్యాటరీ సైజు పెంచడం కన్నా లోడు తగ్గించడం ఎప్పుడూ చవకే.

ఇక అసలు విషయం. మొదటి ఖర్చు బ్యాటరీ మీద పెట్టకండి, వైరింగ్ మీద పెట్టండి. వందేళ్ల ఇంట్లో చెక్క పట్టీల కిందో గోడల లోపలో రబ్బరు తొడుగు, గుడ్డ చుట్టు ఉన్న వైర్లు ఇంకా మిగిలి ఉండొచ్చు. ఆ రబ్బరు ఏళ్లు గడిచేకొద్దీ పెళుసెక్కి, చేత్తో వంచితేనే పొడిలా రాలిపోతుంది. చాలా పాతిళ్లలో ఎర్తింగ్ ఉండదు. రెండు మూడు గదులకు ఒకే న్యూట్రల్ లాగి ఉంటారు. దాని మీద ఇన్వర్టర్ కలిపితే ఎర్త్ లీకేజీ బ్రేకర్ (కరెంటు లీకైతే లైను ఆపేసే స్విచ్) మాటిమాటికీ పడిపోతుంది. అప్పుడు ఎవరో ఒకరు ఆ బ్రేకర్‌నే తీసేసి ‘సరిచేస్తారు’. చెక్క అంతస్తు ఉన్న ఇంట్లో ఇంతకన్నా ప్రమాదం లేదు. లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌తో అన్ని లైన్లకూ మెగ్గర్ టెస్టు (వైర్ల తొడుగు గట్టిగా ఉందో, కరెంటు లీకవుతోందో చూసే పరీక్ష) చేయించి, రిపోర్టు రాతపూర్వకంగా తీసుకోండి.

ఇల్లంతా ఒకేసారి తిరగదోడక్కర్లేదు. నాన్నగారి గది, ఫ్రిజ్, హాలు, మెట్ల దగ్గర లైటు, వీటికి మాత్రం కొత్త లైను, విడిగా చిన్న డీబీ (బ్రేకర్లు ఉండే పెట్టె), 30 మిల్లీ ఆంపియర్ల ఎర్త్ లీకేజీ బ్రేకర్, మంచి ఎర్తింగ్, బయటి కరెంటూ బ్యాకప్ కరెంటూ ఒకేసారి కలవకుండా చూసే చేంజోవర్ స్విచ్ పెట్టించండి. బ్యాకప్ ఈ లైనుకే. సున్నం గోడల్ని గాడి కొట్టనివ్వకండి. కొట్టినచోట సిమెంటుతో పూడిస్తే గోడలోని చెమ్మ బయటికి రాలేక పక్కనున్న సున్నం పెచ్చులూడుతుంది. గోడ పైనుంచి, చూరు మూలల వెంట, పైపులో లాగితే చాలు. రేపు తీసేసినా గోడ గోడలాగే ఉంటుంది. మీ ఇల్లు రక్షిత కట్టడాల జాబితాలో ఉంటే బయటికి కనిపించే ఏ మార్పుకైనా ముందే అనుమతి తీసుకోవాలి. తర్వాత ఊడదీయించే ఖర్చు ఏ కొటేషన్‌లోనూ ఉండదు.

ఇప్పుడు బ్యాటరీ. 12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్) ట్యూబులర్ బ్యాటరీ, అంటే సీసం, యాసిడ్ ఉండే మామూలు ఇన్వర్టర్ బ్యాటరీ, కాగితం మీద 1.8 యూనిట్లు. ఎక్కువ కాలం మన్నాలంటే సగమే వాడుకోవాలి, అంటే 0.9. మీకు నాలుగు కావాలి. ఒక్కోటి 50 కిలోలకు పైమాటే, నాలుగూ కలిపి 200 దాటుతుంది. పాత చెక్క దూలాల మీద ఓ మూల అంత బరువు పెట్టడం నాకు ఇష్టం లేదు. పైగా చార్జింగ్‌లో హైడ్రోజన్ వదులుతాయి, గాలి ఆడే చోటు కావాలి, నీళ్లు పోస్తూ ఉండాలి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకంలో 5 యూనిట్ల ప్యాక్ ఒకటి 50 కిలోల లోపే ఉంటుంది, అందులో 90 శాతం దాకా వాడుకోవచ్చు. మీ లోడుకు ఆరు గంటలు వస్తుంది. దీన్నయినా పడకగదిలో, అటక మీద, చెక్క గోడకు ఆనించి పెట్టొద్దు. కింది అంతస్తులో, ఎండ తగలని రాతి లేదా ఇటుక గోడ దగ్గర పెట్టండి. వేడి ఏ బ్యాటరీకైనా ఆయుష్షు తగ్గిస్తుంది.

ధర పోల్చేటప్పుడు షాపువాళ్లు లిథియంకు ‘ఆరు వేల సైకిల్స్’ అంటారు, అంటే అన్నిసార్లు నింపి ఖాళీ చేయొచ్చని. ఆ మాటకు పడిపోకండి. వారానికి రెండుసార్లు కరెంటు పోతుందనుకుంటే ఏడాదికి సుమారు వంద సైకిల్సే అవుతాయి. ఆరు వేలు పూర్తవ్వడానికి దాదాపు అరవై ఏళ్లు! అప్పటిదాకా ఏ బ్యాటరీ ఉండదు, వాడినా వాడకపోయినా దాని వయసు దానికి అవుతుంది. బ్యాకప్ కోసం కొనేవాళ్లు ధరను వాడుకోగలిగే యూనిట్లతో, వారంటీ ఏళ్లతో భాగించి చూడాలి. ట్యూబులర్‌కు మూడు నుంచి ఐదేళ్లు, లిథియంకు తరచుగా పదేళ్ల వారంటీ ఉంటుంది. ఈ లెక్కలో లిథియం సెట్టు ధర ట్యూబులర్ సెట్టుకు రెండున్నర రెట్ల లోపు ఉంటే అదే తీసుకోండి. మూడు రెట్లు దాటితే బేరమన్నా ఆడండి, ఇంకో కంపెనీ అన్నా చూడండి.

గాలివాన రోజు సంగతి వేరు. కాన్సంట్రేటర్ పగలూ రాత్రీ నడపాల్సి వస్తే అదొక్కటే 24 గంటలకు 8 యూనిట్లు దాటుతుంది. ఏడాదికి ఒకటి రెండు రోజుల కోసం అంత బ్యాటరీ కొనడం డబ్బు కట్టేసుకోవడమే. ఇక్కడ అన్నిటికన్నా చవకైన బ్యాకప్ ఆక్సిజన్ సిలిండరే. నిమిషానికి 2 లీటర్ల చొప్పున 1500 లీటర్ల సిలిండర్ పన్నెండు గంటలు వస్తుంది. ఎంత ప్రవాహం అన్నది డాక్టర్ చెప్పాలి, నింపిన తేదీ మీరు రాసి పెట్టుకోవాలి. బ్యాటరీ మొండికేసినా, ఇన్వర్టర్ కాలిపోయినా ఇది పనిచేస్తుంది. నాన్నగారి ఊపిరి ఒకే యంత్రం మీద ఆధారపడకూడదు. అందుకే ఇది తప్పనిసరి అంటాను.

దానికి తోడు చిన్న పెట్రోల్ జనరేటర్, ఇన్వర్టర్ రకంది, 2 కిలోవాట్లది ఉంటే మూడు నాలుగు గంటలు నడిపి బ్యాటరీ నింపుకోవచ్చు. ఇల్లంతటికీ సరిపడే పెద్దది మీకు దండగ. తక్కువ లోడులో నడిచే పెద్ద ఇంజను నూనె తాగుతుంది తప్ప ఉపయోగపడదు. నెలకోసారి నడపాలి, పెట్రోలు కొన్ని నెలలకే పాడవుతుంది. జనరేటర్ ఎప్పుడూ ఆరుబయటే, తలుపులకు, కిటికీలకు ఆరు మీటర్ల దూరంలో ఉండాలి. వసారా ఆరుబయలు కాదు. అందులోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. దాని వైరును గోడ సాకెట్లో గుచ్చి ఇంటికి కరెంటు ఇవ్వడం మాత్రం ఎన్నడూ చేయకండి. ఆ కరెంటు వెనక్కి లైన్లోకి వెళ్లి, స్తంభం మీద పనిచేసే మనిషి ప్రాణం తీస్తుంది. చేంజోవర్ స్విచ్ ఉండేది అందుకే.

సోలార్ ఇప్పుడే వద్దు. గ్రిడ్‌కి కలిపిన మామూలు సోలార్, కరెంటు పోగానే తానూ ఆగిపోతుందని మీకు చెప్పారో లేదో! లైన్‌మెన్ భద్రత కోసం అలాగే తయారు చేస్తారు. కరెంటు లేనప్పుడు కూడా పనిచేయాలంటే బ్యాటరీ, హైబ్రిడ్ ఇన్వర్టర్ (సోలార్, బ్యాటరీ, గ్రిడ్ మూడింటితోనూ పనిచేసేది) ఉండాలి. ఒక్కో ప్యానెల్ 20 కిలోల పైనే, పాత వాసాలు ఆ బరువునూ గాలి ఒత్తిడినీ మోస్తాయని స్ట్రక్చరల్ ఇంజనీర్ సంతకం పెట్టాలి, కొక్కేలు దిగినచోట పెంకుల కింద కారకూడదు. ధరలో తేడా కొద్దిగానే ఉంటే ఇన్వర్టర్ మాత్రం హైబ్రిడ్ తీసుకోండి. ఎప్పుడైనా పెరట్లో నేల మీద ప్యానెళ్లు పెట్టుకోవచ్చు.

డిపాజిట్టా, లోనా? బ్యాకప్ పెట్టుబడి కాదు, ఖర్చు. వైరింగ్, ఎర్తింగ్, డీబీ పాతికేళ్లు ఉంటాయి, ఇంటి విలువలో కలుస్తాయి. వాటికి డిపాజిట్ నుంచి తీయండి, అయితే ఆరు నెలల ఇంటి ఖర్చు, నాన్నగారి ఆసుపత్రి డబ్బు అందులోనే మిగలాలి. కొంత భాగమే తీసుకునే వీలుందేమో బ్యాంకులో అడగండి. బ్యాటరీకి లోను తీసుకోక తప్పకపోతే రెండేళ్లకు మించొద్దు. నాలుగేళ్లకు చచ్చిపోయే ట్యూబులర్ కొని ఐదేళ్లు వాయిదాలు కడితే, ఆఖరి ఏడాదంతా చచ్చిన బ్యాటరీకి కడుతున్నట్టే. సున్నా వడ్డీ అన్నచోట ప్రాసెసింగ్ ఫీజు, వదులుకున్న డిస్కౌంటు కలిపి లెక్క చూడండి. కొన్న నెల నుంచే బ్యాటరీ ధరను వారంటీ నెలలతో భాగించి ఆ మొత్తం రికరింగ్ డిపాజిట్లో వేయండి, తర్వాతి బ్యాటరీ దానిలోంచే వస్తుంది.

అన్నయ్యగారితో పని మొదలవ్వకముందే మాట్లాడండి. గోడకు అతుక్కునే వైరింగ్ ఖర్చులో ఆయన వాటా అడగడం న్యాయమే. బ్యాటరీ, ఇన్వర్టర్, జనరేటర్ మీ సొంతం, బిల్లులు మీ పేరున ఉండాలి. ఈ ఒప్పందం ఒక ఈమెయిల్లో రాసుకున్నా చాలు. ఇంటి బీమా ఉంటే వైరింగ్ మార్చిన సంగతి, లిథియం బ్యాటరీ పెట్టిన సంగతి కంపెనీకి రాతపూర్వకంగా తెలపండి.

మెగ్గర్ రిపోర్టు, పైన వేసిన లోడు లెక్క రెండూ ఒకే కాగితం మీద పెట్టి ఆ ముగ్గురికీ మళ్లీ పంపండి. 600 వాట్లు, నాలుగు గంటలు, విడి లైను, వారంటీ ఏళ్లు రాతలో ఇవ్వమని అడగండి. ‘ముందు అడ్వాన్స్ ఇవ్వండి, తర్వాత చూద్దాం’ అన్నవారిని వదిలేయండి.